గ్లైడర్ ఎగరేసే ముందు స్కేలు తీయండి

రెండు మీటర్ల రెక్కలు, కిలో బరువు, ముక్కున చిన్న మోటారు. ఇలాంటి ఎలక్ట్రిక్ గ్లైడర్ కొని ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయగానే తెర నిండా శాతాలే కనిపిస్తాయి. ఏది ఎంత పెట్టాలన్నదే అందరికీ వచ్చే మొదటి సందేహం. ఆ శాతాలు సర్వో (పలకలను కదిపే చిన్న మోటారు పెట్టె) ఎంత తిరగాలో చెబుతాయి. రెక్క అంచు ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో చెప్పవు. అందుకని పిల్లల జామెట్రీ బాక్సులోంచి పదిహేను సెంటీమీటర్ల స్కేలు ఒకటి తెచ్చి పక్కన పెట్టుకోండి.

ముందు ఈ విమానం ఏపాటిదో చూద్దాం. మోటారుతో వంద మీటర్లు ఎక్కించి ఆపేశారనుకోండి. కొవ్వూరు నుంచి రాజమండ్రికి రైలు వెళ్లే ఆర్చి వంతెనలో ఒక్కో ఆర్చి 97.5 మీటర్లు. దాన్ని నిలువుగా నిలబెడితే దాదాపు అంత ఎత్తు. గాలి కదలని పూట ఈ తరహా గ్లైడర్ సుమారుగా సెకనుకు 8 మీటర్లు ముందుకు పోతూ 60 సెంటీమీటర్లు దిగుతుంది. ఆ లెక్కన రెండు నిమిషాల 45 సెకన్లు గాలిలో ఉండి, 1,300 మీటర్లు పోతుంది. అంటే మొత్తం 28 ఆర్చుల్లో పదమూడింటిని దాటేంత దూరం. ఇది లెక్క కోసం చెప్పింది మాత్రమే. వంతెన దరిదాపుల్లోగానీ, కరెంటు తీగల దగ్గరగానీ ఎగరేయకూడదు.

అంత దూరం పోతుంది కదా, పంపితే ఏం? కంటికి ఆనదు. కిలోమీటరు దూరాన ఉన్న రెండు మీటర్ల రెక్క, చేయి చాచి పట్టుకున్న స్కేలు మీద ఒక మిల్లీమీటరు చిల్లర ఉంటుంది. అది మనవైపు వస్తోందో, అటు పోతోందో పోల్చుకోలేం. 400 మీటర్ల లోపు ఉంటే మూడు మిల్లీమీటర్లు కనిపిస్తుంది. అంతలోనే తిప్పుకోవాలి.

ఎత్తుకు చట్టం కూడా హద్దు పెట్టింది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే 120 మీటర్లు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8–12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగులే. కొవ్వూరు వైపు నుంచి చూస్తే రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం గోదావరికి అవతలే ఉంది కనుక, మీరు నిలబడే చోటు ఏ జోన్‌లోకి వస్తుందో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకుని బయల్దేరండి. ఈ రేడియోలు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు మాత్రం, తక్కువ శక్తి పరికరాలైతే, 2005 నుంచి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు.

ఇక ప్రోగ్రామింగ్. ఏ బటనూ నొక్కకముందే ప్రొపెల్లర్ విప్పేయండి. పదకొండు అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 8,000 సార్లు తిరిగితే దాని కొన గంటకు 420 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మెనూలో ఒక గుర్తు అటూ ఇటూ అయితే చాలు, బల్ల మీద ఉన్న విమానం మోటారు ఒక్కసారిగా లేస్తుంది. ఆ దెబ్బ వేళ్ల మీద పడుతుంది.

మోటారును స్టిక్ మీద పెట్టాలా, స్విచ్ మీదా? గ్లైడర్‌కు స్విచ్ మేలని నా అభిప్రాయం. మోటారు అయితే పూర్తిగా తిరగాలి, లేకపోతే ఆగాలి. మధ్య స్థితితో మనకు పని తక్కువ. స్టిక్ ఖాళీగా ఉంటే దిగేటప్పుడు బ్రేకులకు పనికొస్తుంది. దానికి తోడు రెండో స్విచ్ ఒకటి తాళంగా పెట్టండి. అది తీస్తేనే మొదటి స్విచ్ పనిచేయాలి. తర్వాత ఫెయిల్‌సేఫ్, అంటే సంకేతం తెగిపోతే విమానం తనంతట తాను ఏం చేయాలో ముందే చెప్పి ఉంచడం. మోటారు ఆగాలి, రడ్డర్ (తోక మీది నిలువు పలక) కొద్దిగా ఒక పక్కకు తిరగాలి. అప్పుడు గాలివాటున ఊరు దాటిపోకుండా చుట్లు తిరుగుతూ దిగుతుంది. ఇది పెట్టి ఊరుకోవద్దు. ప్రొపెల్లర్ లేకుండా మోటారు తిప్పి, ట్రాన్స్‌మిటర్ ఆపేసి కళ్లారా చూడండి.

ఆరు ఛానెళ్ల రేడియో సరిపోదా? ఒక్కో సర్వోకు ఒక ఛానెల్ లెక్కేయండి. రెక్క కొసల్లోని ఎయిలరాన్లు రెండు, రెక్క లోపలి వైపు ఫ్లాపులు రెండు, తోక మీద అడ్డంగా ఉండే ఎలివేటర్ ఒకటి, రడ్డర్, మోటారు. మొత్తం ఏడు. ఫ్లాపులు లేని విమానమైతే ఆరు కూడా ఎక్కువే.

ఇప్పుడు స్కేలు తీయండి. సర్వో అంటే చెప్పిన కోణానికి తిరిగి అక్కడే నిలిచే చిన్న మోటారు పెట్టె. దానికి అందే సంకేతం 1,500 మైక్రోసెకన్లు ఉంటే మధ్యలో ఉంటుంది. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు. ఎడ్జ్‌టీఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియోల్లో వంద శాతం అంటే అటూ ఇటూ 512 మైక్రోసెకన్లు. దానికి సర్వో చేయి 45 డిగ్రీలు తిరుగుతుందనుకుందాం. ఆ చేతికి పది మిల్లీమీటర్ల దూరంలోని రంధ్రంలో తీగ తగిలించారు. అవతల ఎలివేటర్ హార్న్ (తీగ రెండో కొస తగిలే కొమ్ము) ఎత్తు పదిహేను, ఎలివేటర్ వెడల్పు నలభై మిల్లీమీటర్లు. స్టిక్ పూర్తిగా లాగితే ఎలివేటర్ వెనక అంచు దాదాపు 19 మిల్లీమీటర్లు లేస్తుంది. ఈ గ్లైడర్‌కు మొదట్లో 8 చాలు. 19 ఇస్తే ముక్కు ఆకాశానికి ఎత్తి, వేగం పోగొట్టుకుని పడుతుంది.

చాలామంది ఇక్కడ శాతాన్ని 40కి తగ్గించేస్తారు. అంచు 8 మిల్లీమీటర్లకే వస్తుంది, నిజమే. కానీ సర్వో తిరగగలిగినదాంట్లో సగానికి పైగా వృథా. పైగా సర్వో పళ్లచక్రాల్లో ఉండే కాస్త వదులు ఎలివేటర్ దగ్గర అలాగే మిగిలిపోతుంది. తీగను లోపలి రంధ్రానికి, అయిదు మిల్లీమీటర్ల దగ్గరికి మార్చి చూడండి. అదే 8 మిల్లీమీటర్లకు ఇప్పుడు 80 శాతం కావాలి, వదులు సగానికి తగ్గుతుంది. రెండు నిమిషాల స్క్రూడ్రైవర్ పని, ఏ మెనూ చేయలేని మేలు చేస్తుంది. రంధ్రం సరిచేశాకే శాతాల జోలికి వెళ్లాలి.

ఎయిలరాన్‌కు పైకి 12, కిందికి 6 మిల్లీమీటర్లు పెట్టండి. రెండు వైపులా సమానంగా ఎందుకు ఉండకూడదంటే, కిందికి దిగిన పలక గాలికి ఎక్కువ అడ్డుపడి, మనం తిరగాలనుకున్న వైపు కాకుండా ముక్కును అవతలికి లాగుతుంది.

ఎక్స్‌పో అన్నది స్టిక్ మధ్య భాగాన్ని మెత్తబరిచే అమరిక. ముప్ఫై శాతం పెడితే సగం స్టిక్‌కు 4 మిల్లీమీటర్ల బదులు 3 మాత్రమే వస్తుంది, చివరన మాత్రం 8 అలాగే ఉంటుంది. ఒక్క జాగ్రత్త. ఫుటాబాలో మెత్తబడాలంటే మైనస్ గుర్తు పెట్టాలి, స్పెక్ట్రమ్‌లో ప్లస్. మీ రేడియోలో ఏదన్నది సగం స్టిక్ దగ్గర స్కేలు పెట్టి చూస్తే తేలిపోతుంది.

బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? మూడు సెల్లుల 1,300 ఎంఏహెచ్ లైపోలో 14.4 వాట్-అవర్లు ఉంటాయి. మీ ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు గంటన్నర వెలిగేంత. కిలో బరువును వంద మీటర్లు లేపడానికి, సగానికి పైగా వేడి, గాలి రాపిడి కింద పోయినా, వాట్-అవరులో మూడింట రెండు వంతులు చాలు. ఒక్కో ఎక్కుడు ఇరవై సెకన్లు అనుకుంటే పదిహేను సార్లకు అయిదు నిమిషాలు. అప్పటికి బ్యాటరీలో డెబ్బై శాతం ఖర్చవుతుంది. కాబట్టి టైమర్‌ను మోటారు స్విచ్‌కే కట్టి అయిదు నిమిషాలు పెట్టండి. మోటారు తిరిగినప్పుడే అది నడవాలి. ఎండాకాలం ఇసుక తిన్నెల మీద వేడిగాలి లేచే వేళ అదే బ్యాటరీతో గంటైనా గడపొచ్చు. మామూలు గడియారం టైమర్ ఆ సంగతి చెప్పలేదు.

చివరిగా దిగడం. గ్లైడర్ దిగనంటుంది, అదే దాని గొప్ప, అదే చిక్కు. ఫ్లాపులు 50 డిగ్రీలు కిందికి, ఎయిలరాన్లు 8 మిల్లీమీటర్లు పైకి ఒకేసారి వచ్చేలా స్టిక్‌కు కలిపితే గాలిలో బ్రేకు పడుతుంది. దీన్ని క్రో అంటారు. అప్పుడు ముక్కు పైకి లేస్తుంది కనుక, ఎలివేటర్‌ను 2–3 మిల్లీమీటర్లు కిందికి దించే మిక్స్ (ఒకదానితో పాటు మరొకటి కదిలే జోడింపు) కూడా పెట్టాలి. ఎంతన్నది విమానాన్ని బట్టి మారుతుంది. మొదటిసారి నేల దగ్గర వాడొద్దు. 50 మీటర్ల ఎత్తున స్టిక్ మెల్లగా లాగండి. ముక్కు లేస్తే వదిలేసి, విమానాన్ని కిందికి దించుకుని, మిక్స్ అర మిల్లీమీటరు పెంచి మళ్లీ చూడండి. వాలితే అంతే తగ్గించండి.