మూట విప్పితే ఎవరి చీర వారికే

చీరాల: పాత చీర స్టీలు సామాన్ల వాడికి ఒక లెక్క, బొంత కుట్టే మనిషికి ఇంకో లెక్క. సామాన్ల వాడు నాలుగు చీరలు గంపలో వేసుకుని, ఒక గిన్నె చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. బొంత కుట్టే మనిషి మాత్రం ఆ నాలుగు చీరలనూ నెలల తరబడి ఇంట్లో పెట్టుకుని కాపాడాలి. కుట్టడం ఒక ఎత్తయితే, ఎలుకల నుంచి, చెదల నుంచి, ముసురు నుంచి ఆ గుడ్డలను కాచుకుని ఎవరివి వారికి అప్పగించడం మరో ఎత్తు.

వేటపాలెం దరిదాపుల్లోని ఒక పల్లెలో ఈ పని చేస్తున్న ఒకామెకు అరవై ఏళ్లు దాటాయి. ఊళ్లో అందరికీ ఆమె పిన్నే. రెండు గదుల ఇంట్లో వెనక గది మొత్తం గుడ్డలకే పోయింది. మూడు ట్రంకు పెట్టెలు, వాటిమీద మూటలు, అటక మీద మరికొన్ని మూటలు. సంక్రాంతికి ఇళ్లకు వెల్ల వేసేటప్పుడు పాత బట్టలు బయటపడతాయి. అప్పుడే అందరూ తెచ్చి ఇస్తారు. కుట్టడానికి తీరిక చిక్కేది మాత్రం పొలం పనులు లేని ఎండాకాలంలో. అప్పటికి పూర్తికానివి వానాకాలం కూడా ఆ గదిలోనే గడపాలి.

ఒక మనిషి పడుకునే బొంతకు ఎన్ని చీరలు కావాలో లెక్క తేలికే. చీర పొడవు సుమారు 18 అడుగులు. దాన్ని మూడు మడతలు వేస్తే ఆరడుగుల బొంతకు మూడు పొరలు వస్తాయి. రెండు చీరలైతే ఆరు పొరలు. అది మామూలు బొంత. చలికాలానికి మందంగా కావాలంటే మూడో చీర పడుతుంది. ఇద్దరు పడుకునే వెడల్పుకు దీనికి రెట్టింపు. అంటే పది ఇళ్ల వాళ్లు బొంతలకు గుడ్డలిస్తే పాతిక, ముప్పయి చీరలు ఒకేసారి వచ్చి పడతాయి. జాకెట్టు ముక్కలు, పంచెలు, లుంగీలు, దర్జీ కొట్టు పేలికలు వీటికి అదనం.

చిక్కంతా ఇక్కడే. కొన్నేళ్ల కిందట రెండు ఇళ్ల నుంచి ఒకే రకం నీలం రంగు నూలు చీరలు వచ్చాయి. రెండింటికీ సన్నంచే. ఒకటి ఊరికే పాతపడిన చీర. రెండోది చనిపోయిన తల్లిది. ఆమె కూతురు బొంత తీసుకెళ్లిన రోజు సాయంత్రమే తిరిగొచ్చింది. ‘పిన్నీ, ఇది మా అమ్మ చీర కాదు. అమ్మ చీర కొంగు దగ్గర నిప్పు పడి చిన్న చిల్లి ఉండాలి’ అంది. వెతికితే ఆ చిల్లి పక్క వీధి వారి బొంతలో, మూడో పొరలో తేలింది. పిన్ని రెండు బొంతల కుట్లూ విప్పి మళ్లీ కుట్టింది. డబ్బు ఎవరినీ అడగలేదు. ఆ అమ్మాయి ఏమీ అనకపోయినా, వారం రోజులు తనకు ముద్ద దిగలేదని ఆమె ఇప్పటికీ చెబుతుంది.

అప్పటి నుంచి గుర్తుల పద్ధతి పెట్టింది. ఆమెకు చదువు రాదు. చీటీ రాసి పెట్టినా తాను చదవలేదు. అందుకని ఒక్కో వీధికి ఒక్కో రంగు దారం ఎంచుకుంది. ఆ వీధిలో ఎన్నో ఇల్లయితే దారానికి అన్ని ముళ్లు. మూటకు మాత్రమే కాదు, లోపల ప్రతి చీర కొంగుకూ అదే దారం కడుతుంది. రజకులు బట్టల మీద నల్లజీడి గింజతో పెట్టే గుర్తు జన్మలో పోదు. కానీ తల్లి చీర మీద నల్ల మచ్చ పెడితే ఎవరు ఒప్పుకుంటారు? దారమైతే బొంత కుట్టే రోజున తెంపేయవచ్చు. ముందువైపు తెలిసిన ముక్కనే వేయాలని అడిగేవారి చీర అంచుకు ఇంకో ముడి.

ఇంటి గుర్తు అయ్యాకే గుడ్డల ఏరివేత. నూలువి ఒక పక్క, పాలిస్టరువి ఒక పక్క. అనుమానం వస్తే అంచు దారం ఒకటి లాగి వెలిగిస్తారు. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. పాలిస్టరు జారుతుంది, పొరలు పక్కకు తప్పుకుంటాయి, చెమట పీల్చదు. దాన్ని లోపలికే వాడాలి. ఎరుపు, ముదురు నీలం చీరలను తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూస్తే రంగు దిగేదీ లేనిదీ తెలిసిపోతుంది. రంగు దిగేవాటిని వేరుగా ఉంచకపోతే మొదటి ఉతుకులోనే బొంతంతా మరకలే.

దాచడంలో చాలామంది చేసే పొరపాటు గంజి. గంజి పెట్టిన చీరను అలాగే పెట్టెలో పెడితే బొద్దింకలకూ, గుడ్డలు కొరికే వెండి రంగు పురుగులకూ విందే. గంజి పోయేదాకా ఉతికి, పూర్తిగా ఆరాకే మడవాలి. పైకి ఆరినట్లు కనిపించినా అంచు మడతలో తడి ఉంటుంది. ఆ తడితో ప్లాస్టిక్ సంచిలో కుక్కి మూతి బిగిస్తే బూజు తప్పదు. నూలు గుడ్డలో మూటకట్టడమే మేలు. ఖాళీ యూరియా సంచులు చాలా ఇళ్లలో వాడతారు. రెండు మూడు సార్లు కడిగితే గానీ అవి పనికిరావు. పురుగుమందు తెచ్చిన సంచి, డబ్బా ఎంత కడిగినా ఈ పనికి తేకూడదు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్లో పిన్ని గదిలోకి గోడవారగా నీరు దిగింది. నేలమీద ఉన్న రెండు మూటలు తడిసిపోయాయి. వాటిని వెంటనే విప్పి ఇంట్లోనే దండేలు కట్టి ఆరేసింది. అన్నం తినడానికి కూడా చోటు లేదట. ఒక్క చీర కూడా పోలేదు. ఆ తర్వాత పెట్టెల కింద నాలుగేసి ఇటుకలు పెట్టి, గోడకు జానెడు ఎడం జరిపింది. చెదలు నేల నుంచీ గోడ నుంచీ పాకుతాయి. ఎడం ఉంటే మట్టి దారి కంటికి కనిపిస్తుంది. పెట్టె అడుగున పాత పంచె పరిస్తే తుప్పు మరక అంటదు. కొత్తగా వచ్చిన దినపత్రిక పరిస్తే సిరా అంటుకుంటుంది. ఇది పత్రిక వారు ఒప్పుకోవలసిన సంగతే.

కలరా ఉండల సంగతి మాత్రం ప్రతి ఇల్లాలూ తెలుసుకోవాలి. వాటి వాసన పట్టిన గుడ్డల్లో పసికందును పడుకోబెడితే, కొందరు పిల్లలకు రక్తంలోని ఎర్రకణాలు చిట్లి కామెర్లు ముదురుతాయి. ప్రాణానికే ముప్పు రావచ్చు. ఏ బిడ్డకు పడదో ముందుగా తెలియదు. అందుకే బాలింతల ఇళ్ల గుడ్డలకు పిన్ని వేరే పెట్టె పెట్టింది. అందులో ఎండిన వేపాకు తప్ప ఇంకేమీ వేయదు. ఆకు మారుస్తూ ఉండాలి, నెలకోసారి ఎండ చూపించాలి, శ్రమ ఎక్కువే. అయినా ఆ పెట్టెలో ఉండ వేయనివ్వదు. పట్టు చీరలు కూడా అక్కడే. పట్టును మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టాలి, లేకుంటే మడత దగ్గరే చీలుతుంది.

ప్రస్తుతం ఆ పెట్టెలో అడుగున ఒక మూట ఉంది. ఆకుపచ్చ దారం, అయిదు ముళ్లు. ఇచ్చిన కుటుంబం పని వెతుక్కుంటూ ఊరు వదిలి రెండేళ్లయింది. అడ్వాన్సు కూడా ఇవ్వలేదు. సామాన్ల వాడు ఆ మూటకు బదులు పెద్ద స్టీలు బిందె ఇస్తానన్నాడు. పిన్ని ఇవ్వలేదు. మొన్న ఎండకు మూట విప్పి, మడత మార్చి, అదే దారంతో మళ్లీ కట్టి పెట్టింది.