ముఖకవచం: హక్కు, హాని

1918 అక్టోబరులో ఇన్‌ఫ్లుయెంజా ప్రబలినప్పుడు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ముఖకవచాన్ని తప్పనిసరి చేసింది. ధరించనివారికి జరిమానా, జైలుశిక్ష విధించింది. నవంబరులో ముష్టియుద్ధ పోటీ చూడవచ్చిన మేయరు, ఆరోగ్యాధికారి కవచం లేకుండా కనిపించి తామే జరిమానా చెల్లించారు. 1919 జనవరిలో ఆజ్ఞ మళ్ళీ అమలుకాగా, వ్యక్తిస్వేచ్ఛ పేరిట వ్యతిరేక సంఘం వెలిసింది. ఫిబ్రవరి 1న ఆజ్ఞ రద్దయింది.

2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు ఇదే వాదం తిరిగి తలెత్తింది. ముస్లింలకు మరొక సందేహం కలిగింది: నమాజులో నోరు కప్పుకోవడం మక్రూహ్ కదా? నిజమే. కాని అవసరం ఏర్పడినప్పుడు ఆ కరాహత్ తొలగిపోతుందని ఫిఖహ్ పండితులు వివరించారు.

ఇతరులకు హాని కలిగించరాదన్నది షరీఅత్ మూలసూత్రాలలో ఒకటి. వ్యక్తి హక్కుకు అదే హద్దు. అయితే ఆజ్ఞాపించేవారు ముందుగా తాము పాటించాలి; లేనిచో ప్రజల విశ్వాసం సడలుతుంది.