ఈస్టర్ ఆదివారం సరే, సోమవారం సంగతేంటి?

ఈస్టర్ నాడు కోడి కూయకముందే మా కృష్ణా డెల్టాలో చాలా పేటలు లేస్తయ్. జనం ముందు పోయేది చర్చికి కాదు, సమాధుల తోటకి. రెండ్రోజుల ముందే గడ్డి చెక్కి, సమాధులకి సున్నం కొట్టి ఉంచుతారు. చీకట్లో ఒక్కో సమాధి మీద కొవ్వొత్తి వెలుగుద్ది, పాటలు మొదలవుతయ్. ఏసు లేచాడు, మనోళ్ళూ లేస్తారు అనేది ఆ తెల్లవారుజాము నమ్మకం.

ఇంటికొచ్చి పలావు తినేవోళ్ళం. సోమవారం మా అమ్మ మళ్ళీ ఆటో ఎక్కి మిరప కోతకి పోయేది. చిన్నప్పుడు నాకు ఒకటే అనుమానం: దేవుడు చావునే గెలిస్తే, అమ్మ సోమవారం ఎందుకు మారలేదు?

దీనికి రెండు జవాబులు విన్నా. ఇక్కడ ఓర్చుకో, పైన దొరుకుద్ది అన్నారు కొందరు. అదంతా మత్తుమందు, వదిలెయ్ అన్నారు ఇంకొందరు. చాన్నాళ్ళు నేను రెండోవోళ్ళ వైపే ఉన్నా. తర్వాత సువార్తలు నా అంతట నేనే కూర్చుని చదువుకున్నా. ఇద్దరూ కథ మొత్తం చదవలేదనిపించింది.

పునరుత్థానం అంటే ఆత్మ పైకి పోవటం కాదు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. దేహం లేవటం. యోహాను సువార్త చివర్లో చూడండి. లేచిన ఏసు సింహాసనం మీద కూర్చోలా. ఒడ్డున నిప్పులేసి చేపలు కాల్చాడు. రాత్రంతా వల లాగి అలిసిపోయినోళ్ళని రండి, తినండి అని పిలిచాడు. ఆకలి, అలసట, తిండి దేవుడికి చిన్న విషయాలు కావని దాని అర్థం. ఆయన లేచాడన్న కబురు మొదట మోసింది కూడా ఓ ఆడమనిషి, మగ్దలేనే మరియ. ఆడదాని సాక్ష్యానికి పెద్దగా విలువియ్యని కాలం అది.

ఇంకోటి, లేచిన దేహానికి గాయాలు పోలా. తోమాకి ఆయన చూపించింది ఆ మేకుల గుర్తులనే. అంటే లేవటమంటే జరిగింది మర్చిపోవటం కాదు.

ఇది చదివినప్పుడల్లా నాకు చుండూరు గుర్తొస్తది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. కొందరి శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆనవాళ్ళు లేకుండా చెయ్యాలని చూశారు. జనం ఒప్పుకోలా. శవాల్ని తెచ్చి వాడ నడుమే పాతిపెట్టి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. అయినా ఏటా ఆగస్టు 6న జనం అక్కడికి వస్తనే ఉన్నారు. వాళ్ళంతా క్రైస్తవులే అనటంలా. పారేసిన దేహానికి కూడా లెక్కుంది అని నిలబడటం ఉంది చూడండి, ఈస్టర్ చెప్పేదీ అదే.

పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రికలో 15వ అధ్యాయం మొత్తం దీని గురించే. మట్టిలో వేసిన గింజ మొలిచినట్టు అంటాడు. నారుమడి తెలిసిన మనకి అది విడమర్చి చెప్పక్కర్లా. అంతా రాసి చివరికి ఆయన వచ్చింది పని దగ్గరికి: మీ కష్టం ఉత్తగా పోదు, కదలకుండా నిలబడండి అని.

అందుకే నా లెక్కలో ఈ నమ్మకం సోమవారానికే ఎక్కువ కావాలి. పరీక్ష పోయిందనో, ప్రేమ పోయిందనో ప్రాణం తీసుకోవాలనిపించే కుర్రోడికి, ఓటమిది ఆఖరి మాట కాదని చెప్పాలి. చెప్పి వదిలెయ్యకుండా పక్కన కూర్చోవాలి. కూలి ఎగ్గొడితే నిలదియ్యాలి, ఎందుకంటే ఆ ఒళ్ళు దేవుడు విలువిచ్చిన ఒళ్ళు. సమాధులకి సరైన జాగా లేక కాలవ గట్టున పాతుకునే పేటలు ఇంకా ఉన్నయ్. మనోళ్ళు లేస్తారని పాడేవోళ్ళం, వాళ్ళని పడుకోబెట్టటానికి ఆరడుగుల నేల కావాలని తహసీల్దారుకి అర్జీ పెట్టటానికి ఎందుకు వెనకాడాలి?

మా అమ్మ ఇప్పుడు కోతలకి పోలేదు, మోకాళ్ళు అరిగిపోయినయ్. ఈస్టర్‌కి మాత్రం నాన్న సమాధికి సున్నం తనే కొడతది. నేను పక్కన బకెట్ పట్టుకుంటా.