కంట్లో రెండు చూపుల లెన్స్: ఎవరికి లాభం, ఎవరికి కాదు?

శుక్లాల ఆపరేషన్ కోసం తిరువూరు నుంచి విజయవాడో ఖమ్మమో బయల్దేరే ముందే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. కంట్లో పెట్టించుకునేది ఒకే దూరానికి పనిచేసే మోనోఫోకల్ లెన్సా, దూరం దగ్గర రెండూ చూపించే బైఫోకలా? ధర ఎక్కువైనదే మంచిదనుకోవడం సహజం. అది కొందరి విషయంలోనే నిజం.

ఒక్క లెన్స్ రెండు చూపులు ఎలా ఇస్తుంది? కళ్లజోడులోలా పైభాగం దూరానికి, కిందిభాగం దగ్గరికి అని ఇందులో ఉండదు. ఎక్కువగా వాడే రకంలో, సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పున్న లెన్స్ మీద సన్నని వలయాలుంటాయి. అవి వెలుతురును పంచుతాయి. కంట్లోకి వచ్చే వెలుతురు 100 రూపాయలనుకోండి. సమానంగా పంచే లెన్స్‌లో 41 దూరపు చూపుకి, 41 దగ్గరి చూపుకి వెళ్తాయి. మిగతా 18 వృథా.

మరి దూరపు చూపు తగ్గదా? ఆసుపత్రిలో 6 మీటర్ల దూరాన ఉండే అక్షరాల చార్టు చదవడంలో రెండు లెన్సులకూ పెద్ద తేడా ఉండదు. మసక వెలుతురులో, పొగమంచులో మాత్రం బైఫోకల్ చూపు కాస్త పలచబడుతుంది.

పేపరు చదవొచ్చా? అది లెన్స్‌లో అదనంగా కలిపిన పవర్‌ను బట్టి ఉంటుంది. పవర్‌ను డయాప్టర్లలో కొలుస్తారు. 4 డయాప్టర్లు కలిపితే అక్షరాలు బాగా కనబడేది సుమారు 32 సెంటీమీటర్ల దగ్గర, అంటే జానెడున్నర లోపు. 3 కలిపితే సుమారు 40, అంటే మూరకు కాస్త తక్కువ. మూరన్నర దూరంలో ఉండే కంప్యూటరు, దుకాణంలో కాటా రీడింగు కొంత మసకగానే ఉండొచ్చు.

కళ్లజోడు పూర్తిగా పోతుందా? అందరికీ పోదు. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2016 నాటి కొక్రేన్ సమీక్ష ప్రకారం, మోనోఫోకల్ వాళ్లలో 100 మందికి కళ్లజోడు అవసరమైతే, అదే లెక్కన ఒకటికి మించి దూరాలు చూపే లెన్సుల వాళ్లలో 63 మందికి అవసరమైంది. దీపాల చుట్టూ వలయాలు కనబడే ఇబ్బంది మాత్రం వీళ్లలో సుమారు మూడున్నర రెట్లు ఎక్కువ.

ఆ వలయాలకు చాలామంది కొన్ని నెలల్లో అలవాటుపడతారు. అయినా తిరువూరు మీదుగా వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారిపై రాత్రిళ్లు లారీ నడిపేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లకు, నీటికాసులతో నరం దెబ్బతిన్నవాళ్లకు ఈ లెన్స్ సాధారణంగా తగదు. చూపు పదును అప్పటికే తగ్గిన కంటికి ఆ 18 రూపాయల నష్టం బరువవుతుంది.

కొలతల సంగతీ అడగండి. కంటి పొడవు కొలవడంలో 1 మిల్లీమీటరు తేడా వస్తే పవర్‌లో 2.5 నుంచి 3 డయాప్టర్ల వరకు తప్పుతుంది. చిన్న తప్పును కూడా బైఫోకల్ భరించదు.

కాబట్టి డాక్టరుకు ముందుగా మీ పని గురించి చెప్పండి: రోజంతా ఏ దూరంలో చూస్తారు, రాత్రి బండి నడుపుతారా, కళ్లజోడు పెట్టుకోవడం మీకు నిజంగా కష్టమా. ఆ మూడో ప్రశ్నకు జవాబు కాదైతే అప్పుచేసి బైఫోకల్ పెట్టించుకోవద్దు. మోనోఫోకల్ లెన్స్, దానికి తోడు చదువుకునే కళ్లజోడు కూడా మంచి చూపే ఇస్తాయి.