గోడమీది బొమ్మ

ఆంగ్ల సంవత్సరాది వచ్చినంతనే వెల్దుర్తి మొదలగు పల్నాటి గ్రామములలో గోడమేకులకు క్రొత్త క్యాలెండరులు వ్రేలాడుట పరిపాటి. మిరపకును ప్రత్తికిని ఎరువులు, విత్తనములు అమ్ము వర్తకులు తమ ఖాతాదారులకు ఉచితముగా నిచ్చు కాగితములవి. దిగువ తిథివారనక్షత్రములు, పైని దేవుని బొమ్మయో, సినిమాతార బొమ్మయో. దీనిని అల్పవస్తువని త్రోసివేయుట తగదని మా యభిప్రాయము. చిత్రశాల లేని పల్లెకు గోడయే చిత్రశాల.

1894లో రాజా రవివర్మ బొంబాయిలో ముద్రణాలయమును స్థాపించిన పిమ్మట లక్ష్మీ సరస్వతుల చిత్రములు సామాన్యుల యిండ్లకు జేరినవి. తరువాత శివకాశి ముద్రాపకులు ఆ పని నింకను చౌకజేసిరి. 1957లో వెలువడిన మాయాబజారులో నందమూరి తారకరామారావుగారు ధరించిన కృష్ణవేషము క్యాలెండరులకెక్కి పూజామందిరములయందును నిలిచినది. కావున అందమైన మనుష్యరూపమును గోడకు దగిలించుట తెలుగువారికి క్రొత్తగాదు.

అయితే సౌందర్యమునే సరకుగా జేసిన క్యాలెండరుల సంగతి వేఱు. ఇటలీదేశపు టైర్ల వ్యాపారసంస్థయగు పిరెల్లీ 1964 మొదలు ఇట్టివానిని వెలువరించినది. వానిని అమ్మక, ఎన్నుకొనబడినవారికి మాత్రమే పంచుటచే వాని గౌరవము మఱింత పెరిగెను. మనదేశమున కింగ్‌ఫిషర్ సంస్థ 2003లో ఆ మార్గమును త్రొక్కినది. ఛాయాచిత్రములు దీసినవారు అతుల్ కస్బేకర్‌గారు. హిందీ సినిమాలలో పేరొందకమునుపే దీపికా పదుకొణెగారు 2006వ సంవత్సరపు క్యాలెండరులో కనబడిరి.

స్త్రీరూపమును చూపి టైర్లను, బీరును అమ్ముట స్త్రీజాతికి గౌరవము గాదని పెద్దలు ఆక్షేపింతురు. ఆ యాక్షేపణము నిరాధారము గాదు. కాని వెలుతురును, నీడను, సముద్రతీరమును ఎట్లు పొందుపఱుపవలెనో ఛాయాగ్రాహకులు నేర్చుకొన్న పాఠశాలలలో నిదియు నొకటి యనుటయు అసత్యము గాదు. మనిషిని చూపినదా, సరకును చూపినదా యనునదే దీనికి గీటురాయి. పిరెల్లీ క్యాలెండరే ఇందుకు సాక్ష్యము: 1972లో సారా మూన్ అను స్త్రీ దానికి ఛాయాచిత్రములు దీసెను, 2016లో ఆనీ లీబోవిట్జ్ టెన్నిసు క్రీడాకారిణి సెరీనా విలియమ్స్, గాయని పాటీ స్మిత్ మొదలగు ప్రతిభావతులను ఎన్నుకొని, చాలమట్టుకు నిండు దుస్తులలోనే చూపెను. ఇచ్ఛ యున్నచో మార్గము మాఱగలదని దీనివలన తేలుచున్నది.

ఆ క్యాలెండరులనుండి మనము గ్రహింపదగిన గుణ మొక్కటి కలదు. చిత్రకారుని పేరు వానికి భూషణము. మన గోడల క్యాలెండరులపై దుకాణదారుని పేరు పెద్దక్షరములతో వెలయును. బొమ్మను గీసినవాని పేరు తఱచుగా గానరాదు. డిసెంబరు గడచినంతనే ఆ కాగితము పిల్లల పుస్తకములకు అట్టయగును, లేదా డబ్బాల అడుగున బఱువబడును. తమ తాతలు ఏ రూపమును చూచి సుందరమనిరో, ఏ దేవునికి ఎట్టి ముఖమును ఊహించిరో తెలుపు సాక్ష్యము ఏటేట నిట్లు నశించుచున్నది.

కావున ముద్రాపకులు చిత్రకారుల పేళ్లను, ఛాయాగ్రాహకుల పేళ్లను తప్పక అచ్చువేయవలెను. వర్తకులును ఆ మాట యడిగి చేయింపవలెను. మాచర్ల, నరసరావుపేట మొదలగు పట్టణముల గ్రంథాలయములు ఏటికి నాలుగైదు క్యాలెండరులనైన భద్రపఱచినచో ఒక బీరువాకు మించిన స్థలము పట్టదు. వెల్దుర్తి రైతు సోదరులు తమ పెట్టెలలోని పాత క్యాలెండరులను పాఱవేయక అచటికి పంపుదురుగాక. గోడమీది బొమ్మ గోడతోడనే పోనక్కఱలేదు.