అండీస్ కొండల్లో మూడు 'త'లు

పెరూ దేశంలోని కుస్కోలో రొట్టెను కెచువా భాషలో అడగాలంటే గొంతుకు కాస్త పని చెప్పాలి. అక్కడ మామూలు 'త'తో 'తంత' అంటే పోగుచేసినది. ఒత్తు పెట్టి 'థంత' అంటే చిరిగి పాతబడినది. రొట్టె కావాలంటే మూడో 'త' పలకాలి. నాలుకను పైపళ్లకు ఆనించి, గొంతు బిగించి, నాలుకను చటుక్కున వదలాలి. ఊపిరితిత్తుల్లోని గాలితో పనిలేదు. గొంతుపెట్టె పైకి లేచి, నోట్లో చిక్కుకున్న కాస్త గాలినే బయటికి నెడుతుంది. 'టప్'మని చిన్న చిటుకు వినిపిస్తుంది. క, చ, ప లకూ ఇలాగే మూడేసి రూపాలున్నాయి.

త, థ తేడా తెలుగు పిల్లలు ఓనమాల్లోనే నేర్చుకుంటారు. మూడోదానికి మాత్రం మన అక్షరమాలలో చోటు లేదు. 16వ శతాబ్దంలో అండీస్‌కు వచ్చిన స్పానిష్ వాళ్ల దగ్గరైతే ఉన్నది ఒకే ఒక్క 'త'!

కెచువా అంతా ఇలాగే ఉంటుందనుకోకూడదు. నిజానికి అదొక భాషా కుటుంబం. అయకూచో ప్రాంతంలో ఈ ఒత్తులూ చిటుకులూ లేవు, అక్కడ రొట్టె ఉత్త 'తంతే'.

దొమింగో దె సాంతో తొమాస్ అనే మతగురువు రాసిన తొలి కెచువా వ్యాకరణం 1560లో స్పెయిన్‌లో అచ్చయింది. అందులో ఆయన గమనించిన ఒక సంగతి తెలుగువాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఎదుటివాళ్లను కలుపుకుంటే 'ఞుకంచిక్', వదిలేస్తే 'ఞుకయ్‌కు'. అచ్చంగా మన మనం, మేము! స్పానిష్‌లో ఈ తేడా లేదు.

ఇంకా ముచ్చటైనది మాట చివరి ముక్క. వాన పడటం కళ్లారా చూసినవాళ్లు 'పరషన్‌మి' అంటారు. ఎవరో చెప్పగా విన్నవాళ్లు 'పరషన్‌సి' అంటారు. మన 'పడుతోందట'లో 'ట' చేసే పనే ఈ 'సి' చేస్తుంది. ఊహించి చెప్పడానికి 'చా' ఉంది. తెలిసిందెలాగో చెప్పకుండా కబురు చెప్పడం ఈ భాషలో కష్టమే.

ఇంత పదునైన భాషను నగరాల్లో తరతరాలుగా చిన్నచూపు చూశారు. 1975లో వెలాస్కో అల్వరాదో ప్రభుత్వం దానికి అధికార హోదా ఇచ్చినా ఆ చూపు పోలేదు. 2021లో ప్రధాని గిడో బెయీదో పార్లమెంటులో కెచువాలో ప్రసంగం మొదలుపెడితే కొందరు సభ్యులు అడ్డుతగిలారు. 2017 జనాభా లెక్కల్లో 37 లక్షల మందికి పైగా తమ మాతృభాషగా చెప్పుకున్న భాషకు సొంత దేశపు చట్టసభలో ఇదా మర్యాద?

అయినా చోటు దొరుకుతోంది. 2016 డిసెంబరులో ప్రభుత్వ టీవీ కెచువా వార్తలు మొదలుపెట్టింది. ఆ కార్యక్రమం పేరు 'ఞుకంచిక్'. 1551లో పుట్టిన లిమాలోని సాన్ మార్కోస్ విశ్వవిద్యాలయంలో 2019లో రొక్సానా కిస్పె కొయాంతెస్ తన డాక్టరేటు సిద్ధాంత గ్రంథాన్ని కెచువాలోనే రాసి, కెచువాలోనే పరీక్షకులకు జవాబులిచ్చింది. ఆ విశ్వవిద్యాలయంలో అలా జరగడం అదే మొదటిసారి. ఆమె ఎంచుకున్న విషయం, కెచువా కవి ఆంద్రెస్ అలెంకాస్త్రె కవిత్వం.