బయట మర్యాద, ఇంట్లో అహంకారం

నెల్లూరు తీరంలో ముత్తుకూరు మొదలు మైపాడు దాకా రొయ్యల గుంటలను నమ్ముకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. సరుకుకు మంచి ధర పలికితే అది యజమాని తెలివి. గుంటకు వైట్ స్పాట్ తెగులు సోకితే మాత్రం కారణం భార్య అడుగుపెట్టిన వేళ! అదే మనిషి మసీదు వద్ద అందరికంటే ముందు సలాం చేస్తాడు, చందా ధారాళంగా ఇస్తాడు. ఇక ఆమె మొర నమ్మేదెవరు?

పొగడ్తల దాహం, తనకు ప్రత్యేక హక్కులున్నాయన్న భావన, ఎదుటివారి బాధ పట్టకపోవడం కలగలిసిన ఈ స్వభావాన్ని మనోవైద్యులు నార్సిసిజం అంటారు. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో దీని తీవ్రరూపాన్ని వ్యక్తిత్వ రుగ్మతల జాబితాలో చేర్చింది. నేటి ప్రమాణాల ప్రకారం 9 లక్షణాలలో కనీసం 5 స్థిరంగా కనిపించాలి. కనుక కోపిష్ఠి అయిన ప్రతి భర్తకూ, మాట పడని ప్రతి అత్తకూ ఈ పేరు తగిలించడం అన్యాయం.

ఇమామ్ గజాలీ (రహ్మ) 'ఇహ్యా'లో ఉజ్బ్‌నూ, కిబ్ర్‌నూ వేరుచేసి చూపారు. ఉజ్బ్‌కు రెండో మనిషి అక్కరలేదు. ఒంటరివాడూ తన్ను తాను చూసుకొని మురిసిపోగలడు. కిబ్ర్‌కు మాత్రం చిన్నచూపు చూడటానికి ఒకరు కావాలి. ఇంట్లో ఆ ఒకరు భార్యో, కోడలో, పిల్లవాడో అవుతారు. ఏళ్ల తరబడి తప్పంతా నీదేనని వింటూ వచ్చిన మనిషి చివరకు తన జ్ఞాపకాన్నే శంకించుకుంటుంది.

దంపతుల మధ్య చీలిక వస్తుందన్న భయం ఉంటే ఇరువైపుల నుంచీ ఒక్కొక్క మధ్యవర్తిని నియమించమని అన్నిసా సూరా 35వ ఆయత్ ఆదేశం. జమాత్ పెద్దలకు మేము విన్నవించేది ఇక్కడే. అహంభావి పంచాయతీలో తొణకకుండా మాట్లాడగలడు. అలసిపోయిన భార్య ఏడుస్తుంది, తడబడుతుంది, ఒక్కోసారి అరుస్తుంది కూడా. చూసేవారికి అతడే సహనశీలి! అందుచేత ఆమె మాటను విడిగా, ఆమెకు నమ్మకమున్న స్త్రీ సమక్షంలో వినాలి. నిన్నటి గొడవనే కాక, కొన్నేళ్ల నడవడికను విచారించాలి. క్షమాపణ చెప్పిన తరువాత ఏమి మారిందో అడగాలి. "సర్దుకుపో తల్లీ" అని పంపివేయడం తీర్పు కాదు.

ఈ స్వభావాన్ని మార్చే మాత్ర ఏదీ లేదు. నిపుణులతో దీర్ఘకాల సంభాషణ చికిత్స కొంత మేలు చేస్తుంది, అదీ తన లోపాన్ని తాను ఒప్పుకున్నవారికే. అతడు ఒప్పుకోకపోయినా ఆమె సలహా పొందవచ్చు: 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. 2005 నాటి గృహహింస చట్టం మాటలతో, మానసికంగా పెట్టే బాధను కూడా హింసగానే గుర్తించింది. ఆపదలో ఉన్న స్త్రీలకు 181 నంబరు ఉంది.